అమ్మానాన్నలకి డాలర్లు ఎయిర్‌పోర్ట్‌లో కొనాలా, ఇక్కడే గుంటూరులోనో విజయవాడలోనో కొనాలా?

బ్రాడీపేట_అమ్మాయి | సోమవారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నలు వచ్చే వారం గురువారం డాలస్ వెళ్తున్నారు. తమ్ముడు అక్కడ ఉంటాడు, మరదలికి నెలలు నిండుతున్నాయి. గుంటూరు నుంచి కారులో శంషాబాద్, అక్కడి నుంచి దోహా, దోహాలో నాలుగు గంటలు ఆగి డాలస్. ఇద్దరికీ ఇదే మొదటి విమాన ప్రయాణం.

తమ్ముడేమో డాలర్లేమీ వద్దు, నేను ఎయిర్‌పోర్ట్‌కి వస్తాను కదా అంటాడు. నాన్నగారు చేతిలో ఆ ఊరి డబ్బు లేకుండా ఏ ఊరికీ వెళ్ళను అంటున్నారు. నాకు నాన్నగారి మాటే సబబుగా ఉంది. ఫ్లైట్ ఆలస్యమై, ఫోన్ పనిచేయక, ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన పెద్దవాళ్ళిద్దరూ ఎక్కడైనా ఆగిపోతే జేబులో ఉన్న నాలుగు నోట్లే ధైర్యం.

కొనడం దగ్గరే నా భయం. పోయిన ఏడాది మేమిద్దరం బ్యాంకాక్ వెళ్ళాం. హడావుడిలో ముందుగా ఏమీ కొనలేదు. ఎయిర్‌పోర్ట్ లోపల, చెకింగ్ అయ్యాక ఒక కౌంటర్ కనిపించింది. అద్దం మీద 'కమీషన్ లేదు' అని పెద్ద అక్షరాలు. 30,000 రూపాయలు ఇచ్చి బాట్ తీసుకున్నాను. సీట్లో కూర్చున్నాక స్లిప్ తీసి లెక్క చూసుకుంటే, ఫోన్‌లో కనిపించే రేటుకి రావలసిన దానికన్నా 11 శాతం తక్కువ వచ్చాయి. 3,300 రూపాయలు. ట్రిప్ అంతా అది గుచ్చుకుంటూనే ఉంది.

ఈసారి అలా జరగకూడదు. ఎన్ని కొనాలి, ఎక్కడ కొనాలి, నోట్లా కార్డా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పటమట_కుర్రాడు | సోమవారం, రాత్రి 9.26

ఎయిర్‌పోర్ట్‌లో మాత్రం వద్దక్కా. విజయవాడ ఎం.జి. రోడ్డు మీద ఫారెక్స్ షాపులు, అంటే విదేశీ డబ్బు మార్చే షాపులు ఉన్నాయి. నేను చదువుకి వెళ్ళేటప్పుడు అక్కడే కొన్నాను. అరగంట పని.

బందరురోడ్డు_కౌంటర్ | సోమవారం, రాత్రి 10.05

నేను విజయవాడలో ఒక ఫారెక్స్ షాపులో పద్నాలుగేళ్ళుగా కౌంటర్ మీద కూర్చుంటున్నాను. షాపు పేరు చెప్పను, ఇక్కడికి బేరం కోసం రాలేదు. మీకు జరిగినట్టే రోజూ ఎవరికో ఒకరికి జరుగుతుంది, అందుకే రాస్తున్నాను.

'కమీషన్ లేదు' అన్న బోర్డు చూసి లోకం మోసపోతోంది. మా వ్యాపారంలో లాభమంతా రేటులోనే ఉంటుంది. ప్రతి షాపుకీ రెండు రేట్లు ఉంటాయి, మేం అమ్మే రేటు, మేం కొనే రేటు. ఆ రెండింటి మధ్య ఎంత ఎడం ఉంటే అంత లాభం. లెక్క కోసం ఫోన్‌లో డాలర్ 90 అని చూపిస్తోంది అనుకోండి. అది బ్యాంకులు తమలో తాము కోట్లలో కొనుక్కునే రేటు, కౌంటర్‌లో నోటు ఆ రేటుకి ఎక్కడా దొరకదు. ఊళ్ళో మంచి షాపు 90.80కో 91కో ఇస్తుంది. ఎయిర్‌పోర్ట్ లోపల అదే నోటు 95 దాకా పలకవచ్చు. అదే కౌంటర్‌కి మీరు తిరిగి అమ్మబోతే 85 అంటారు. అంటే 500 డాలర్లు కొని, ప్రయాణం రద్దయి గంటలో వెనక్కి ఇచ్చేస్తే 5,000 రూపాయలు అక్కడే పోతాయి.

ఆ కౌంటర్‌లో కూర్చున్న పిల్లల తప్పేం లేదు. రాత్రీ పగలూ తెరిచి ఉంచాలి, అద్దె ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, లోపలికి వెళ్ళాక మీకు ఇంకో షాపు లేదు. పక్క షాపులో అడిగి వస్తాను అనే మాట మీ నోట రాదు కాబట్టి రేటు అలా ఉంటుంది.

అందుకని ఎవరికి ఫోన్ చేసినా "డాలర్ రేటు ఎంత?" అని అడక్కండి. "500 డాలర్ల నోట్లు కావాలి, అన్నీ కలిపి నేను ఎన్ని రూపాయలు కట్టాలి?" అని అడగండి. రేటు తక్కువ చెప్పి సర్వీస్ ఛార్జీ వేసేవాళ్ళుంటారు, ఛార్జీ లేదని రేటులో కలిపేవాళ్ళుంటారు. మొత్తం అడిగితే ఏదీ దాగదు. జీఎస్టీ ఎటూ ఉంటుంది కానీ దానికి భయపడక్కర్లేదు. లక్ష రూపాయల లోపు మార్పిడికి, మొత్తంలో ఒక శాతాన్ని మా సేవ విలువగా లెక్కగట్టి దాని మీద 18 శాతం వేస్తారు. 45,500 కట్టేవాళ్ళకి జీఎస్టీ 82 రూపాయలు. ఎంత చిన్న మార్పిడి అయినా 45 తప్పదు.

రేటు ఒక్కో రోజుకి, ఒక్కో పూటకి మారుతుంది. మూడు చోట్ల అడిగితే ఒకే పూట, పది నిమిషాల తేడాలో అడగండి. నిన్నటి రేటునీ ఈరోజు రేటునీ పోల్చి మాతో పోట్లాడేవాళ్ళు ఎక్కువ.

పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు తీసుకురండి. ఎ-2 ఫారం, అంటే డాలర్లు ఎందుకు కొంటున్నారో రాసిచ్చే దరఖాస్తు, మేమే ఇస్తాం. పాస్‌పోర్టు ఎవరిదైతే బిల్లు వారి పేరుమీదే ఉంటుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి.

తెనాలి_రైలు | సోమవారం, రాత్రి 10.31

ఇన్ని కాగితాలు ఎందుకండీ? మా వీధిలో అమెరికా నుంచి వచ్చినాయన ఉన్నారు. ఆయన దగ్గర డాలర్లు మిగిలాయి. ఫోన్‌లో ఎంత చూపిస్తే అంతకే ఇస్తానంటున్నారు. ఇద్దరికీ లాభమే కదా. మా బంధువులు అలాగే తీసుకున్నారు.

రిటైర్డ్_బ్యాంకు_గుంటూరు | మంగళవారం, ఉదయం 6.40

తెనాలి తమ్ముడూ, మీ మనసులో చెడు లేదని తెలుసు. కానీ ఆ పని చేయవద్దు, ఎవరికీ చెప్పవద్దు కూడా. 1999 నాటి ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ) చట్టం ప్రకారం మనం విదేశీ కరెన్సీ కొనవలసింది రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకు దగ్గరో మనీ ఛేంజర్ దగ్గరో మాత్రమే. పట్టుబడితే లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. 500 డాలర్లకి ఎవరు చూస్తారని అంటారు. చూసినా చూడకపోయినా చేతిలో బిల్లు ఉండదు. రేపు ఆ నోటు నకిలీదని తేలితే ఎవరి దగ్గరికి వెళ్తారు?

ఎక్కడ కొన్నా వంద డాలర్ల నోటు ఇలా చూసుకోండి. 2013 అక్టోబరులో వచ్చిన కొత్త నోటు మధ్యలో నిలువుగా నీలం రంగు పట్టీ ఉంటుంది. దాన్ని కాగితం మీద అచ్చు వేయలేదు, కాగితంలోనే నేశారు. నోటు అటూ ఇటూ వంచితే పట్టీలో ఉన్న గంట బొమ్మలు వందల అంకెలుగా మారుతూ కదులుతాయి. పక్కనే రాగి రంగు సిరాబుడ్డి, అందులో ఒక గంట బొమ్మ. నోటు వాలిస్తే ఆ గంట రాగి రంగు నుంచి ఆకుపచ్చకి తిరుగుతుంది. నేను కౌంటర్‌లో ఉన్నప్పుడు పిల్లలకి ముందు ఇదే నేర్పేవాడిని.

అమ్మా బ్రాడీపేట, కొన్ని నిబంధనలు చెబుతాను, రాసుకోండి. ఒక్కో మనిషి ఒక్కో ప్రయాణానికి అమెరికా లాంటి దేశాలకి 3,000 డాలర్ల దాకా నోట్లుగా తీసుకెళ్ళవచ్చు, ఆపైన కావాలంటే ఫారెక్స్ కార్డులో, అంటే ముందే డాలర్లు నింపి ఇచ్చే కార్డులో వేయించుకోవాలి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి కొనుక్కోవచ్చు, కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగనక్కర్లేదు. 50,000 రూపాయల లోపు అయితే నగదు ఇచ్చి కొనవచ్చు, దాటితే చెక్కో ఖాతా నుంచి బదిలీయో చేయాలి. మన రూపాయలు మనిషికి 25,000 దాకా వెంట ఉంచుకోవచ్చు, తిరిగొచ్చాక కారుకీ భోజనానికీ పనికొస్తాయి.

వినుకొండ_రోడ్డు | మంగళవారం, ఉదయం 8.15

డాలర్లు కొంటే 20 శాతం పన్ను పట్టుకుంటారని మా బావగారు చెప్పారు. 45 వేలకి 9 వేలు అదనంగా కట్టాలి, అది కూడా లెక్కలో వేసుకోండి.

రిటైర్డ్_బ్యాంకు_గుంటూరు | మంగళవారం, ఉదయం 8.32

ఆ భయం అక్కర్లేదు. ఆ టీసీఎస్ (అమ్మేవాళ్ళు ముందుగా పట్టుకునే పన్ను) ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి విదేశాలకి పంపిందీ కొన్నదీ పరిమితి దాటితేనే. ఆ పరిమితి 7 లక్షలు ఉండేది, 2025 ఏప్రిల్ 1 నుంచి 10 లక్షలు చేశారు. 45 వేలకి ఒక్క రూపాయి కూడా పట్టుకోరు. పట్టుకున్నవాళ్ళకి కూడా రిటర్ను వేసినప్పుడు లెక్కలో సర్దుబాటు అవుతుంది.

వినుకొండ_రోడ్డు | మంగళవారం, ఉదయం 8.40

ధన్యవాదాలు సార్. ఇంట్లో చెబుతాను.

మంగళగిరి_ఐటీ | మంగళవారం, మధ్యాహ్నం 1.20

కార్డు సంగతి నేను చెబుతాను, నోట్ల విషయం పెద్దలు చెప్పేశారు.

నాన్నగారి డెబిట్ కార్డు ఏదైనా సరే, విదేశాల్లో వాడకం ముందుగా ఆపేసే ఉంటుంది. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన అది. బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, రోజుకి ఇంత అని లిమిట్ పెట్టాలి. ఇంట్లో కూర్చున్నప్పుడే చేయండి. అక్కడికి వెళ్ళాక ఓటీపీ రాక, ఫోన్ కలవక నానా తంటాలు పడతారు.

మామూలు కార్డుల మీద బ్యాంకులు 3.5 శాతం దాకా మార్కప్, అంటే రేటు మీద అదనపు ఛార్జీ వేస్తాయి, దాని మీద జీఎస్టీ కలిస్తే 4.13 శాతం. మార్కప్ లేని కార్డులు కూడా ఉన్నాయి కానీ పది రోజుల్లో కొత్త ఖాతా తెరిచి పెద్దవాళ్ళకి అలవాటు చేయడం ఎందుకు? ఉన్న కార్డు ఆపద కోసం జేబులో ఉంటే చాలు.

ఒక్కటి మాత్రం వాళ్ళిద్దరికీ బట్టీ పట్టించండి. విదేశంలో కార్డు పెట్టగానే మెషీన్ ఒక ప్రశ్న అడుగుతుంది. ఇక్కడి కరెన్సీలో కడతారా, రూపాయల్లో కడతారా అని. రూపాయలు అని కనిపించగానే మనవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది, ఎంత అయిందో తెలుస్తుంది కదా అని. ఆ నొక్కు నొక్కవద్దు. అక్కడ రూపాయి రేటు వేసేది ఆ మెషీన్ వెనక ఉన్న కంపెనీ, తన లాభం కలుపుకునే వేస్తుంది. ఎప్పుడూ ఆ దేశపు డబ్బే ఎంచుకోవాలి. దోహాలో రియాల్, డాలస్‌లో డాలర్. ఏటీఎంలో అడిగినా ఇదే జవాబు.

బ్రాడీపేట_అమ్మాయి | మంగళవారం, రాత్రి 9.45

ఇన్ని విషయాలు చెప్పినందుకు ఎవరికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. ఆయన అడిగిన ప్రశ్న: "ఫోన్‌తో స్కాన్ చేస్తే అక్కడ పోదా?"

మంగళగిరి_ఐటీ | మంగళవారం, రాత్రి 9.58

అమెరికా దుకాణాల్లో ఆ అలవాటు పెట్టుకోవద్దని చెప్పండి. యూపీఐ భూటాన్‌లో 2021 నుంచి, శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. సింగపూర్‌లోనూ కొన్ని చోట్ల తీసుకుంటారు. డాలస్‌కి నోట్లూ కార్డే.

మొగల్రాజపురం_అమ్మమ్మ | బుధవారం, ఉదయం 5.50

నేను మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ మూడుసార్లు వెళ్ళివచ్చాను. మీ అమ్మగారి లాగే మొదటిసారి భయంతో వెళ్ళాను. ఒక మాట చెబుతాను తల్లీ, ఇది ఎవరూ చెప్పలేదు.

పెద్దవాళ్ళని వీల్‌ఛెయిర్ బుక్ చేసి పంపుతారు కదా. ఇమిగ్రేషన్ దాకా, సామాను దాకా, బయటికి వచ్చేదాకా ఒక మనిషి తోసుకుంటూ తీసుకెళ్తాడు. నా ఫారం అతనే నింపాడు, నా పెట్టెలు బెల్టు మీద నుంచి అతనే దించాడు. చివర్లో ఇద్దామని పర్సు తీస్తే అన్నీ వంద డాలర్ల నోట్లే. వంద ఇవ్వలేను, చిల్లర అడగడానికి మాట రాలేదు. ఉత్త చేతులతో నమస్కారం పెట్టి పంపించాను. అతను నవ్వుతూనే వెళ్ళాడు. నాకు మాత్రం ఇప్పటికీ మనసులో మెలి పెడుతుంది, మా వయసున్న మనిషి.

అందుకని 500 కొన్నా 300 కొన్నా సరే, అందులో ఐదులూ పదులూ ఉండేలా చూడండి. చిన్న నోట్లు మీ అమ్మగారి దగ్గర పైకి ఉండాలి, పెద్ద నోట్లు లోపల ఉండాలి. నేను పాత కాటన్ చీర ముక్కతో అరచేయంత సంచి కుట్టి, మూతికి రెండు హుక్కులు వేసి, లంగా బొందుకి తగిలించుకుంటాను. పాస్‌పోర్టు మాత్రం అందులో పెట్టవద్దని చెప్పండి, ప్రతి గేటు దగ్గరా తీయాలి.

బందరురోడ్డు_కౌంటర్ | బుధవారం, ఉదయం 10.10

అమ్మమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. చిన్న నోట్లు మా దగ్గర రోజూ ఉండవు. వచ్చేవాళ్ళు వందలే తెస్తారు, మేమూ వందలే ఇస్తాం. రెండు మూడు రోజుల ముందు చెబితే తీసి పక్కన పెడతాం. కొన్ని చోట్ల చిన్న నోట్లకి రేటు కొద్దిగా ఎక్కువ అడుగుతారు, అది కూడా మొత్తంలో కలిపే చెప్పించుకోండి.

కొత్తపేట_ట్రావెల్స్ | బుధవారం, ఉదయం 11.35

చిన్న నోట్ల మాట అమెరికా వెళ్ళేవాళ్ళకే. ఈ పేజీ చదివి థాయ్‌లాండ్ వెళ్ళేవాళ్ళు చిన్న నోట్లు తీసుకెళ్ళకండి. అక్కడ వంద డాలర్ల నోటుకి ఒక రేటు, ఇరవైకీ పదికీ అంతకన్నా తక్కువ రేటు. చిరిగినా, మీద పెన్నుతో గీత ఉన్నా పక్కన పెట్టేస్తారు.

బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లో సామాను తీసుకోగానే ఎదురయ్యే కౌంటర్ల దగ్గర ఆగకండి. లిఫ్టులో అట్టడుగు అంతస్తుకి దిగితే, సిటీకి వెళ్ళే రైలు స్టేషన్ పక్కన చిన్న చిన్న మనీ ఛేంజర్ల బూత్‌లు వరసగా ఉంటాయి. అదే ఎయిర్‌పోర్ట్, రేటు మాత్రం చాలా నయం. ఏటీఎంలో తీస్తే తీసిన ప్రతిసారీ 220 బాట్ లేదా ఆపైన అక్కడి బ్యాంకు ఫీజు పోతుంది, అందుకని నాలుగుసార్లు కొంచెం కొంచెంగా తీయకూడదు. సింగపూర్‌లో అయితే లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్ దగ్గర మార్చుకునేవాళ్ళే ఎక్కువ. బస్సుకీ మెట్రోకీ కార్డు తాకిస్తే సరిపోతుంది, కాబట్టి దిగగానే మార్చుకోవలసిన తొందరేమీ ఉండదు.

పటమట_కుర్రాడు | బుధవారం, మధ్యాహ్నం 12.05

అక్కా, ఎయిర్‌పోర్ట్‌లోనే తీసుకోవాల్సి వచ్చినా ఒక దారి ఉంది. కొన్ని సంస్థలు ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసి డబ్బు కట్టేస్తే ఆ రేటుకే ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో ఇస్తాయి. మా ఫ్రెండ్ అలాగే తీసుకున్నాడు. అదే కౌంటర్, బుక్ చేసినవాళ్ళకి ఒక రేటు, చేయనివాళ్ళకి ఒకటి. కాకపోతే ఆ కౌంటర్ సెక్యూరిటీ చెకింగ్‌కి ముందుందా, తరవాతుందా, రాత్రి ఎన్ని గంటల దాకా ఉంటుందో కనుక్కోవాలి.

బ్రాడీపేట_అమ్మాయి | శుక్రవారం, రాత్రి 8.30

ఈరోజు కొనేశాం. ఎవరికైనా ఉపయోగపడుతుందని అంకెలతో సహా రాస్తున్నాను. ఉదయం పదకొండూ పదకొండుంబావు మధ్య అన్ని చోట్లా ఒకే ప్రశ్న అడిగాను: 500 డాలర్లకి అన్నీ కలిపి ఎంత?

గుంటూరులో మా ఖాతా ఉన్న బ్యాంకులో 46,150, నోట్లు తెప్పించడానికి మూడు రోజులు పడుతుందన్నారు. ఆన్‌లైన్‌లో బుక్ చేసి శంషాబాద్‌లో తీసుకుంటే 45,980. విజయవాడలో ఒక షాపు 45,900, ఇంకో షాపు 45,540. ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌కి కూడా ఫోన్ చేశాను, బుకింగ్ లేకుండా వస్తే 47,900.

రెండో షాపుకే వెళ్ళాం. నాన్నగారు తనే కట్టాలని పట్టుబట్టి నగదు తెచ్చుకున్నారు. చిన్న నోట్లు బుధవారమే చెప్పి ఉంచాను కాబట్టి దొరికాయి: నాలుగు వందలు, మూడు ఇరవైలు, రెండు పదులు, నాలుగు ఐదులు. ఒక్కో వంద నోటునీ నాన్నగారు ట్యూబ్‌లైట్ కిందికి పట్టుకెళ్ళి వాల్చి చూశారు. గంట ఆకుపచ్చకి తిరిగినప్పుడల్లా తల ఊపి పక్కన పెట్టారు. కౌంటర్‌లో అబ్బాయి విసుక్కోలేదు, నాలుగూ అయ్యేదాకా ఆగాడు. బిల్లు ఫోటో తీసి తమ్ముడికి కూడా పంపాను.

ఒక్క సందేహం. ఆరు నెలలు ఉండి వస్తారు. మిగిలినవి ఏం చేయాలి?

రిటైర్డ్_బ్యాంకు_గుంటూరు | శుక్రవారం, రాత్రి 9.05

తిరిగొచ్చాక 2,000 డాలర్ల దాకా నోట్లు ఇంట్లోనే ఉంచుకోవచ్చు, కాలపరిమితి లేదు. అంతకన్నా ఎక్కువ ఉంటే వచ్చిన 180 రోజుల్లో బ్యాంకుకో ఛేంజర్‌కో ఇచ్చేయాలి. నాణేలు ఎన్నైనా ఉంచుకోవచ్చు. మిగిలింది కొద్దిగానే కాబట్టి అమ్మకండి. అమ్మితే కొనే రేటుకి ఇస్తారు, మళ్ళీ వెళ్ళేటప్పుడు అమ్మే రేటుకి కొనాలి. మనవడో మనవరాలో పుట్టాక ఒక్కసారితో ఆగరు కదా.

మొగల్రాజపురం_అమ్మమ్మ | శనివారం, ఉదయం 5.45

సంచి కుట్టారా తల్లీ?

బ్రాడీపేట_అమ్మాయి | శనివారం, ఉదయం 7.20

అమ్మ కుట్టిందండీ. నా పాత మంగళగిరి చున్నీతో. హుక్కులు మీరు చెప్పినట్టే రెండు.

బ్రాడీపేట_అమ్మాయి | తరవాతి శనివారం, మధ్యాహ్నం 2.15

క్షేమంగా చేరారు. మరదలికి నొప్పులు ఇంకా రాలేదు, అందరూ ఎదురుచూస్తున్నారు.

దోహాలో అమ్మకి టీ కావాలనిపించిందట. నాన్నగారు కార్డు పెట్టారట. మెషీన్ మీద రెండు గళ్ళు వచ్చాయి, ఒకదాంట్లో రూపాయలు, ఒకదాంట్లో రియాల్. అమ్మ రూపాయలు నొక్కండి, ఎంతో తెలుస్తుంది అందట. నాన్నగారు "మంగళగిరి అబ్బాయి వద్దన్నాడు" అని రియాల్ నొక్కారట. ఫోన్‌లో ఈ మాట మూడుసార్లు చెప్పారు.

డాలస్‌లో ఇద్దరి వీల్‌ఛెయిర్లూ ఇద్దరు మనుషులు తోశారు. అమ్మ ఒక్కొక్కరికి రెండేసి ఐదు డాలర్ల నోట్లు చేతిలో పెట్టిందట. సంచిలో ఇంకా 480 ఉన్నాయి. తమ్ముడు బ్యాంకులో వేస్తాను ఇమ్మంటే ఇవ్వలేదట.